కోడలు పలకని మాట

కుల్యాష్ పదమూడేళ్ళుగా ఒక మాట నోట అనలేదు. అదేమంత పెద్ద మాట కాదు. గిన్నె తీయబోతే ‘ఉండనీ’ అంటాం, దీపం ఆర్పబోతే ‘ఉండనీ’ అంటాం, పిల్లవాడి మీద చెయ్యెత్తితే ‘పోనీలే, ఉండనీ’ అంటాం. కజక్ భాషలో ఆ మాట తుర్సిన్. ఆమె మరిది పేరూ అదే. కోడలై వచ్చిన పిల్ల అత్తింటివాళ్ళ పేర్లు పలకకూడదు గనక, పేరుతో పాటు మాట కూడా ఆమె నోట్లోంచి పోయింది. పేరు మీకు చెప్పింది నేనే గాని ఆమె కాదు.

మొగుడి పేరు ఒక్కటే అయితే ఎలాగో గడిచిపోయేది. మామగారి పేరు, బావల పేర్లు, ఆడబిడ్డల పేర్లు, చివరికి మొగుడి పెదతండ్రి పేరు కూడా పలకకూడదు. ఆ పెదతండ్రికి పేరు పెట్టిన మహానుభావులెవరోగాని సారిమ్‌సాక్ అని పెట్టారు, అంటే వెల్లుల్లి. అందుకని కుల్యాష్ అల్మా-అటా బజారులో నిలబడి, “ఆ ఘాటుగడ్డలు ఓ గుప్పెడు ఇవ్వమ్మా” అని అడిగేది. అమ్మే ముసలమ్మ ఉల్లిపాయలు చూపిస్తే కాదనేది, ముల్లంగి చూపిస్తే కాదనేది. చివరికి వేలితో చూపించి తెచ్చుకునేది. ఇంటికొచ్చాక ఈ భాగోతమంతా విని మరిది పడీపడీ నవ్వేవాడు.

ఆమె పెళ్ళినాటికి ఆ మరిదికి ఆరేళ్ళు. గుండు గీసి, నుదుటి మీద మాత్రం చిన్న పిలక వదిలారు. ముసుగు తీసి పెళ్ళికూతురికి అందరినీ చూపిస్తుంటే వాడు గుమ్మంలో నిలబడి ఎండిన పెరుగు ఉండ చప్పరిస్తున్నాడు. పేరు పలకకూడదు కాబట్టి ఏదో ఒకటి పెట్టి పిలవాలి, అది కోడలి హక్కు. కుల్యాష్ ఒక్క క్షణం చూసి, “నువ్వు నా పిలకరాజువి” అంది. గుడారమంతా నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు. నోట్లోని ఉండ తీసి ఆమె చేతిలో పెట్టి, సిగ్గుపడి బయటికి పారిపోయాడు. ఆ రోజే ఆమెకు అత్తిల్లు తన ఇల్లయింది.

వాడికి ఆ అసలు పేరు ఊరికే పెట్టలేదు. అత్తగారు బాతిష్‌కు కుల్యాష్ మొగుడి తర్వాత, వాడికి ముందు ముగ్గురు పుట్టి పోయారు. నాలుగోవాడు పుట్టగానే, వీడినైనా ఉండనీ అని ఆ పేరు పెట్టించింది. పెద్దాయన ఒకరు చెవిలో మూడుసార్లు పేరు చెప్పి పోయాడు గాని, ఆమెకు అది చాలలేదు. ప్రతి రాత్రీ ఊయల మీద వంగి తనే చెప్పేది. పైనున్నవాడు చెవిటివాడైనా సరే, వినిపించాలన్నంత పట్టుదల ఆమెది. వాడు ఉన్నాడు. పేరే వాణ్ణి పట్టుకుని ఉందని ఆమె నమ్మకం. పరాయింటి పిల్ల నోట్లో నలిగితే ఆ పేరు అరిగిపోతుందనీ ఆమె నమ్మకమే. కుల్యాష్ దాన్ని పైకి తీసిపారేసేది, లోపల మాత్రం సగం నమ్మేది.

ఆమె కడుపున పిల్లలు లేరు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మరిది రోడ్లూ వంతెనలూ కట్టే చదువుకని పట్నం వచ్చినప్పుడు అత్తగారు వాడి మూట తనే మోసుకొచ్చింది. అప్పటికి కుల్యాష్ ట్రాలీబస్సు నడుపుతోంది. మొగుడు ఖనిజాల కోసం నేల తొలిచే బృందంలో లారీ డ్రైవరు, నెలల తరబడి ఎడారిలో ఉంటాడు. బాతిష్ రెండు గదుల ఇల్లు ఓసారి కలయజూసి, మూట దించి, కోడలి చెయ్యి పట్టుకుంది.

“నీ చేతుల్లో పెడుతున్నానమ్మా. వాడి పేరు ఎందుకలా పెట్టానో నీకు తెలుసు.”

“తెలుసత్తమ్మా.”

“అయితే నేనింకేం చెప్పక్కర్లేదు.”

చెప్పక్కర్లేదంటూనే గంటసేపు చెప్పింది.

రెండేళ్ళు హాయిగా గడిచాయి. సాయంత్రం ఆమె డిపో నుంచి వచ్చేసరికి వాడు పొయ్యి మీద నీళ్ళు పెట్టి ఉంచేవాడు. అప్పుడప్పుడు రౌషన్ అనే పిల్లని వెంటబెట్టుకొచ్చేవాడు. బట్టల ఫ్యాక్టరీలో పని, హాస్టల్లో ఉంటుంది, చెక్కపెట్టె దొర్లినట్టు నవ్వుతుంది. వాళ్ళ పద్ధతిలో అతిథికి టీ సగం గిన్నే పోస్తారు. గిన్నె నిండా పోశారంటే ఇక బయల్దేరమని అర్థం. సగం గిన్నె అంటే మళ్ళీ అడుగు, మళ్ళీ పోస్తాం, కూర్చో అని. రౌషన్ ప్రతిసారీ గిన్నెలోకి తొంగిచూసి, “అమ్మయ్య, వదిన ఇవాళ కూడా నన్ను గెంటెయ్యట్లేదు” అనేది.

“ఇలాగే వాగావంటే తొణికేదాకా పోస్తా,” అనేది కుల్యాష్.

డిసెంబరు మధ్యలో ఒక సాయంత్రం రేడియోలో వార్త చెప్పారు. ఇరవై ఏళ్ళకు పైగా కజక్ రిపబ్లిక్‌ను ఏలే పార్టీకి పెద్దగా ఉన్న మనిషిని దింపి, పై ప్రభుత్వం ఇంకొకర్ని దూరం నుంచి పంపుతోందట. వచ్చేవాడు ఈ నేల మీద ఏనాడూ పనిచేసినవాడు కాదు. చదివినావిడ వాన వస్తుందో రాదో చెప్పినంత తేలిగ్గా చదివేసి, తర్వాత సంగీతం పెట్టింది. మరిది రేడియో కట్టేశాడు.

“దిగిపోయినాయన మీద నాకేం ప్రేమ కారిపోవట్లేదు వదినా,” అన్నాడు. “కానీ మనింటికి పెద్దెవరో మనల్ని ఒక్క మాట అడగొద్దా?”

“ఈ ఇంటికి పెద్దెవరో నన్నెవరడిగారు? వచ్చి చూస్తే గుమ్మంలో నువ్వున్నావు, పెరుగుండ చప్పరిస్తూ.”

వాడు నవ్వాడు గాని కళ్ళు నవ్వలేదు. మర్నాడు పొద్దున ఆమె లేచేసరికే కోటు తొడుక్కుంటున్నాడు.

“టోపీ పెట్టుకుని పో. చెవులు ఊడి పడతాయి.”

“పెట్టుకుంటే నా పిలక కనపడదుగా. నువ్వు గుర్తుపట్టొద్దూ?”

“పిలక రాలిపోయి పదేళ్ళయింది. టీకి వస్తావా?”

“వస్తా. సగం గిన్నె పోసి ఉంచు.”

తలుపు వేసుకుని మెట్లు దిగిపోయాడు. టోపీ మేకుకే ఉంది.

డిపోలో అందరూ గుసగుసలు. పిల్లలు హాస్టళ్ళ నుంచి బారులు కట్టి కొత్త చౌకు వైపు పోతున్నారనీ, ఇన్‌స్టిట్యూట్ల గేట్లకు తాళాలు వేస్తే కిటికీల్లోంచి దూకి వస్తున్నారనీ. మధ్యాహ్నానికి కుల్యాష్ నడిపే దారి మూసేశారు. పైనున్న కరెంటు తీగల నుంచి బస్సు కొమ్ములు దింపించి, బస్సును రోడ్డు పక్కన వదిలేసి ఇంటికి పొమ్మన్నారు. ఆమె ఇంటికి వెళ్ళింది. మేకుకున్న టోపీ తీసింది, అరలో ఉన్న వేయించిన పిండి ఉండలు నాలుగు జేబులో వేసుకుంది, వాడి చెవి పట్టుకుని ఈడ్చుకొద్దామని బయల్దేరింది.

మంచు కురుస్తోంది. గాలి లేదు, తొందర లేదు, పెద్ద పెద్ద రేకులు నిటారుగా దిగుతున్నాయి. దక్షిణం వైపు ఎప్పుడూ ఉండే కొండలు లేవు. రోడ్డు పక్క పిల్లకాలువలు మూసుకుపోయాయి. ఊరి చప్పుళ్ళన్నీ ఎవరో దుప్పటి కప్పినట్టు అణిగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ముందు ఆమెకు వినిపించింది పాట. ఎక్కడి నుంచో తెలియలేదు. రోజూ బస్సు నడిపే రోడ్డే, అయినా తనకు తెలియని ఊళ్ళోకి నడుస్తున్నట్టనిపించింది.

చౌకులో వేల మంది పిల్లలున్నారు. ఆమె అంతమంది కజక్ పిల్లల్ని ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు. ఆ పట్నంలో బస్సెక్కి సొంత భాషలో గట్టిగా మాట్లాడితే వెనక నుంచి ఎవరో ఒకరు, మనుషుల భాషలో మాట్లాడమని విసుక్కునేవారు. ఇక్కడ మాత్రం అందరూ ఆ భాషలోనే పాడుతున్నారు. ఊపిరులన్నీ ఆవిరై పైకి లేచి, దిగుతున్న మంచుతో కలిసిపోతున్నాయి. అమ్మాయిలు చేతులు ఒకరి జేబుల్లో ఒకరు పెట్టుకుని ఊగుతున్నారు. ఎవరో ముసలమ్మ బకెట్టుతో వేడిపాలు తెచ్చి, అడిగినవాడికీ అడగనివాడికీ పోస్తోంది. చౌకు అవతల, బూడిదరంగు కోట్లలో సైనికులు వరుసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ టోపీల మీద కూడా అదే మంచు పడుతోంది. వాళ్ళూ పిల్లలే.

కుల్యాష్ చెవి పట్టుకుని లాగాలన్న సంగతి మరిచిపోయింది. పాట మాటలు తనకూ వచ్చు. చిన్నప్పుడు గొర్రెల వెంట నడుస్తూ వాళ్ళ నాన్న పాడేవాడు. తనకు తెలియకుండానే గొంతు కలిపింది. ఎంతసేపు పాడిందో తెలియదు. కాళ్ళకింద నేల ఉందో లేదో కూడా తెలియని ఒక తేలిక ఆమెను పట్టుకుంది. ఆమెకు అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. ఈ మాట ఆమె తర్వాత ఎవరితోనూ అనలేదు, అనడానికి సిగ్గుపడింది.

“అదిగో, మీ వదిన! నిన్ను తన్నడానికొచ్చి తనూ పాడుతోంది!” అని ఎవరో పకపకా నవ్వారు. రౌషన్. ఎర్ర ఊలు శాలువా కట్టుకుంది, ముక్కు అంతకంటే ఎర్రగా ఉంది. పక్కనే మరిది, జుట్టు నిండా మంచుతో.

“పిలకరాజా, ఇటు రా. టోపీ పెట్టుకో.”

“అందరి ముందూ ఆ పేరేంటి వదినా! ఇక్కడ నేను సభలో మాట్లాడిన మనిషిని.”

“ఏం మాట్లాడావేం?”

“మా ఇంట్లో మా మాట అడగండి అన్నాను. అంతే. చప్పట్లు కొట్టారు.”

“అయితే పనైపోయిందిగా, నడు.”

“ఎవరో ఒకరు బయటికొచ్చి మాకు జవాబు చెప్పేదాకా ఉంటాం.” వాడు టోపీ తీసుకుని రౌషన్ తల మీద పెట్టాడు. “నువ్వెళ్ళు. టీ టైముకి వచ్చేస్తాం, ఇద్దరం.”

వాడి ముఖం చూస్తే ఆమెకు కాదనబుద్ధి కాలేదు. జేబులోని పిండి ఉండలు తీసి ఇద్దరికీ పంచింది. ఇంటికి మాత్రం పోలేదు. ఇంకొక్క పాట, ఇంకొక్క పాట అనుకుంటూ అక్కడే నిలబడిపోయింది.

వెలుతురు తగ్గాక మైకు గొట్టంలోంచి ఒక గొంతు, ఖాళీ చేసి పొమ్మంది. పిల్లలు ఇంకా గట్టిగా పాడారు. అప్పుడు మంటలార్పే బళ్ళు వచ్చాయి. మంటలేమీ లేవు. నీళ్ళు ధారగా వచ్చి ముందువరుస మీద పడ్డాయి. ఆ చలికి కోట్లు ఒంటిమీదే గడ్డకట్టాయి. పరుగెత్తుతున్న పిల్లల దుస్తులు పలకల్లా పటపటమన్నాయి. తర్వాత కుక్కలు వచ్చాయి, గుంటలు తవ్వే పొట్టి పారలు పట్టుకుని సైనికులు వచ్చారు. ఆ పారలతో వాళ్ళు గుంటలు తవ్వలేదు. ఆడపిల్లల్ని జడలు పట్టుకుని మంచులో ఈడ్చారు. ఇందాక పాలు పోసిన బకెట్టు కాళ్ళ మధ్య దొర్లుతోంది. ఈ పని చేయించినవాళ్ళు తర్వాత దీనికి చాలా పేర్లు పెట్టారు, తాగుబోతుల అల్లరి అన్నారు, మత్తుమందు అన్నారు. ఆ రోజు ఆ చౌకులో తాగింది పాలు.

కుల్యాష్ తోపులాటలో పిల్లకాలువలో పడింది. లేచేసరికి పాట లేదు. దాని బదులు చౌకంతా పేర్లు. తల్లులు, అక్కలు, స్నేహితులు, ఎవరికి కావలసిన పేరు వాళ్ళు అరుస్తున్నారు. ఆమె కూడా అరిచింది, “పిలకరాజా! పిలకరాజా!” అని. ఆ అరుపుల్లో అదొక పేరని ఎవరికి తోస్తుంది?

పైకప్పు గుడ్డ కట్టిన లారీలు వెనక్కి వచ్చి నిలబడ్డాయి. మూడో లారీలో, చివర్న, మరిది కనిపించాడు. కణత మీద నెత్తురు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని చూడటం లేదు. వాడి తలను ఒళ్ళో పెట్టుకుని రౌషన్ కూర్చుంది. టోపీ ఇంకా ఆమె తల మీదే ఉంది. “వదినా!” అని అరిచింది.

కుల్యాష్ లారీ తలుపు పట్టుకుంది. కాపలా ఉన్న సైనికుడు ఎర్ర బుగ్గల కుర్రాడు, ఎక్కడి నుంచో విమానంలో తెచ్చి దింపినవాడు, మీసం కూడా సరిగా రాలేదు.

“నా పిల్లాడు బాబూ. నా ఇంటి పిల్లాడు. దించు, నీకు పుణ్యముంటుంది.”

కుర్రాడు అటూ ఇటూ చూశాడు. అధికారి దూరంగా ఉన్నాడు. “పొద్దుట్నుంచీ ప్రతి ఆడమనిషీ ఇదే చెప్తోందమ్మా. అందర్నీ నా పిల్లలే అంటున్నారు.” చేతిలో విద్యార్థి కార్డులు పేకముక్కల్లా పట్టుకుని ఉన్నాడు. అందులోంచి ఒకటి తీసి, దాని మీద ఫొటోనూ వాడి ముఖాన్నీ చూశాడు. గొంతు తగ్గించాడు. “నిజంగా నీవాడైతే పేరు చెప్పు. సరిపోతే దించేస్తా, మాయమైపో. త్వరగా!”

చెడ్డవాడు కాదు. ఇవ్వాలనే ఉంది వాడికి.

కుల్యాష్ నోరు తెరిచింది. ఆ పేరు గొంతుదాకా వచ్చింది. పదమూడేళ్ళుగా అక్కడిదాకా వచ్చి వెనక్కి మళ్ళటం అలవాటైన పేరు అది. వంటింట్లో, బజారులో, నిద్దట్లో కూడా మళ్ళింది. ఇప్పుడూ మళ్ళింది. వాడి ఒంట్లో ఊపిరి ఆ పేరుకే వేలాడుతోందనీ, తను అంటే అది తెగుతుందనీ ఎక్కడో లోపల అత్తగారి గొంతు. నాలుక కదిలింది గాని, దానికి తెలిసిన పేరే అంది.

“పిలకరాజు.”

“ఏంటి?”

“పిలకరాజు... మేం వాణ్ణి... నేను పిలిచేది...”

కుర్రాడు కార్డు చూశాడు. వాడి ముఖం మూసుకుపోయింది. “అలాంటి పేరు లేదమ్మా. అబద్ధాలు చెప్పి నన్ను ఇరికించకు.”

“వదినా, పేరు చెప్పు! అసలు పేరు చెప్పు!” రౌషన్ పైనుంచి ఏడుస్తూ తనే ఆ పేరు అరిచింది. లారీలోనివాళ్ళు చెబితే లెక్క కాదని కుర్రాడు తలుపు వేసేశాడు. లారీ కదిలింది. కుల్యాష్ దాని వెనక పరుగెత్తింది, పడింది, లేచింది. నోరు తెరిచే ఉంది. లారీ మలుపు తిరిగినా ఆ మాట రాలేదు.

ఆ రాత్రి ఆమె ఎలా గడిపిందో నేను చెప్పను. తెల్లవారేటప్పటికి ఒక ఠాణా ముందు, గుమికూడిన ఆడవాళ్ళలో ఉంది. లోపలి నుంచి ఎవరూ మాట్లాడటం లేదు. గేటు దగ్గర మంచు ఊడ్చే ఆడమనిషి చీపురు ఆపకుండానే, తల ఎత్తకుండానే అంది:

“ఇక్కడ నిలబడి ఏం లాభం? లోపల చోటు లేక పిల్లల్ని ఊరి బయటికి తోలారు. పడమటి రోడ్డున, ఇటుకబట్టీలు దాటాక. అక్కడ దింపేసి వచ్చారట.”

“దింపేసి అంటే?”

“దింపేసి అంటే దింపేసే. మంచులో.”

కుల్యాష్ మొదటి బస్సెక్కి చివరి స్టాపులో దిగింది. అక్కడి నుంచి నడిచింది. పొగమంచు దిగింది. నేలా ఆకాశమూ ఒకటే తెలుపు, రోడ్డు ఉన్నట్టు కాళ్ళకు మాత్రమే తెలుస్తోంది. ఇటుకబట్టీ గొట్టం ఒకటి తేలుతూ వచ్చి, తేలుతూ పోయింది. ఒక గుర్రం మెడ కనిపించింది, మిగతా గుర్రం కనిపించలేదు. లారీ చక్రాల గుర్తులు రోడ్డు దిగి పొలంలోకి పోయి, గుండ్రంగా తిరిగి వెనక్కి వచ్చాయి. ఆ గుండ్రం మధ్యలో ఎన్నో అడుగులు, నాలుగు దిక్కులకూ చెదిరిపోయి. ఒక చేతితొడుగు పడి ఉంది. ఎవరిదో.

“పిలకరాజా!” అని పిలిచింది. పొగమంచు ఆ పిలుపును నాలుగడుగులు కూడా పోనివ్వలేదు. తను పిలిచింది తనకే సరిగా వినిపించలేదు. మళ్ళీ పిలిచింది. ముద్దుపేరు అది, ఇంట్లో పొయ్యి పక్కన పిలిచే పేరు. అంత తెల్లటి చోట దానికి బలం చాలలేదు.

అప్పుడు ఆమె ఆగింది. అత్తగారి ఊరు ఏ దిక్కునుందో అటు తిరిగింది. “తప్పు నాదే అత్తమ్మా,” అంది. కళ్ళు మూసుకుని, చిన్నపిల్లలు చల్లనీళ్ళలోకి దూకినట్టు, ఆ మాట అంది.

“తుర్సిన్!”

నోరు కాలిపోలేదు. ఆకాశం ఊడిపడలేదు. తన గొంతే తనకు కొత్తగా వినిపించింది. మళ్ళీ పిలిచింది. తుర్సిన్, తుర్సిన్. పిలుస్తూ నడిచింది. కొంతసేపటికి అది పిలుపో మొక్కో ఆమెకే తెలియలేదు. ఉండనీ, వాణ్ణి ఉండనీ, ఉండనీ. పదమూడేళ్ళ మాటంతా ఒక్కసారే వచ్చేసింది. ఏడుస్తోందని కూడా ఆమెకు తెలియలేదు, చెంపల మీద గడ్డకట్టాక తెలిసింది.

ఎదురుగా మంచులోంచి తక్కువ ఎత్తు గోడ ఒకటి లేచింది. చలికాలం గొర్రెల దొడ్డి, ఖాళీది. మూలన పాత ఎండుగడ్డి. ఆ గడ్డిలోంచి ఒక గొంతు వచ్చింది, తుప్పుపట్టిన తలుపు తీస్తే వచ్చేలాంటి గొంతు.

“పేరు పెట్టి పిలుస్తున్నావా? ఉండు... అమ్మతో చెప్తా.”

కుల్యాష్ గడ్డి మీద పడి రెండు చేతులతో తవ్వింది. వాడి తల దొరికింది, చెవులు దొరికాయి. వాడి తలకు టోపీ ఉంది.

“రౌషన్ ఏదిరా?”

“టోపీ నాకు పెట్టింది. నన్నిక్కడ పడుకోబెట్టింది. దూరంగా దీపం కనిపిస్తోంది, మనుషుల్ని పిల్చుకొస్తానని పోయింది.” వాడు చేత్తో టోపీ తడిమాడు. “పాడుతూ పోయింది వదినా. వినబడుతూ ఉండింది. తర్వాత నాకు నిద్రొచ్చింది.”

కుల్యాష్ దొడ్డి గోడ ఎక్కి ఆ పేరు కూడా పిలిచింది. గొంతు పోయేదాకా పిలిచింది. పొగమంచు తేలిపోయి ఎండ వచ్చింది. నలుదిక్కులా ఖాళీ పొలం మెరుస్తూ కనిపించింది. ఎటు చూసినా దీపం ఉండదగ్గ ఇల్లే లేదు.

వాడి ఎడమచేతి రెండు వేళ్ళు తీసేశారు. చదువులోంచి పేరు కొట్టేశారు. ఎడారి నుంచి వచ్చిన అన్న వాడికి లారీల షెడ్డులో పని చూశాడు. రౌషన్ సంగతి అడిగితే హాస్టల్‌వాళ్ళు ఊరెళ్ళిపోయిందన్నారు. ఊరివాళ్ళు రాలేదన్నారు. పెద్ద ఆఫీసులో అడిగితే, అలాంటి మనిషి తమ కాగితాల్లో లేదన్నారు. ఎర్ర బుగ్గల సైనికుడు అన్న మాట లాంటిదే అదీను. కుల్యాష్ సెలవు దొరికినప్పుడల్లా పడమటి రోడ్డుకు పోయి వెతికేది.

మంచు కరిగి దారులు తెరుచుకున్నాక బాతిష్ వచ్చింది. కొడుకు చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, లేని వేళ్ళ చోట నిమురుతూ చాలాసేపు కూర్చుంది. ఏడవలేదు. కుల్యాష్ తలవంచుకుని టీ పోస్తోంది.

“పేరు పెట్టి పిలిచావటగా,” అంది అత్తగారు.

మరిది కంగారుగా, “సరదాకన్నాను వదినా, నిజంగా చెప్పాలని కాదు...” అన్నాడు.

“నువ్వూరుకో,” అంది బాతిష్. “గట్టిగా పిలిచావా?”

“గట్టిగానే అత్తమ్మా. కానీ ఆలస్యంగా పిలిచాను. ముందురోజు అడిగారు. అడిగినప్పుడు నోట రాలేదు. వచ్చి ఉంటే ఇద్దర్నీ...” ఆమె చేతిలో గిన్నె కింద పెట్టేసింది. “ఆ పిల్లని కూడా పట్టి కిందికి లాగేదాన్ని.”

బాతిష్ కోడలి ముఖం చూసింది. నీళ్ళు నిండిన కళ్ళతోనే కొంచెం కసిరినట్టు అంది, “పేర్లు దాచమన్నది నేను. నోరు కట్టింది నేను. నీదంటావేంటి? ఇకనించి పేరు పెట్టి పిలువు వాణ్ణి. నేను పిలిచిన దానికంటే నువ్వు పిలిచిందే పైకి వినిపించింది.”

కుల్యాష్ తల ఊపింది గాని నాలుక తిరగలేదు. “పిలకరాజా, టీ చల్లారుతోంది,” అంది. వాడు గిన్నె అందుకున్నాడు.

బల్ల మీద నాలుగో గిన్నె ఒకటి ఉంది. సగం పోసిన గిన్నె. ఆ చలికాలం నుంచి ఏ పూట టీ పోసినా కుల్యాష్ అదొకటి పోస్తూనే ఉంది. ఆవిరి ఎప్పుడో ఆగిపోయింది, పైన మీగడ కట్టింది. ఎవరిదో తెలియని బాతిష్, చల్లారిపోయింది కదా, పారబోద్దామని చెయ్యి చాచింది.

“ఉండనీ,” అంది కుల్యాష్.

తన పేరు విని, తనను పిలిచిందనుకుని తుర్సిన్ తల ఎత్తాడు. ఆమె వాడి వైపు చూడటం లేదు. గిన్నె వైపు చూస్తోంది.